అమెరికాలో అమ్మానాన్నల సంరక్షణ: మెడికెయిడ్ సాయం ఎవరికి, ఎప్పుడు, ఏ షరతులతో

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక నమ్మకం బలంగా ఉంది. అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు గడిస్తే మెడికేర్ (65 దాటినవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వస్తుంది, ఆ తర్వాత ఏమొచ్చినా ప్రభుత్వమే చూసుకుంటుంది అని. ఆస్పత్రి ఖర్చుల వరకు ఇది చాలా మటుకు నిజమే. కానీ నాన్నకు పక్షవాతం వచ్చి మంచం దిగలేకపోతే, అమ్మకు డిమెన్షియా ముదిరి రాత్రీ పగలూ ఒకరు పక్కన ఉండాల్సి వస్తే, ఆ ఖర్చు మెడికేర్ పెట్టదు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, బాత్రూమ్‌కు పట్టుకుని తీసుకెళ్లడం లాంటి రోజువారీ సేవ ఒక్కటే కావాల్సి వచ్చినప్పుడు మెడికేర్ దాన్ని వైద్యంగా లెక్కించదు.

ఒరిజినల్ మెడికేర్ (ప్రైవేటు కంపెనీల ద్వారా కాకుండా ప్రభుత్వమే నేరుగా నడిపేది) ఇచ్చేది ఇంతే. వరసగా కనీసం మూడు రోజులు ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉండి, ఆ తర్వాత కూడా నర్సింగ్ లేదా ఫిజియోథెరపీ రోజూ అవసరమైతే, స్కిల్డ్ నర్సింగ్ కేంద్రంలో గరిష్ఠంగా 100 రోజులు ఉండనిస్తుంది. మొదటి 20 రోజులు పూర్తిగా తనే భరిస్తుంది. 21వ రోజు నుంచి మనం కొంత కట్టాలి, 2025లో అది రోజుకు 209.50 డాలర్లు. 101వ రోజు నుంచి మొత్తం బిల్లు మనదే. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆస్పత్రి మంచం మీద మూడు రాత్రులు పడుకున్నా, కాగితాల మీద 'అబ్జర్వేషన్' (చేర్చుకోకుండా పరిశీలనలో ఉంచడం) అని రాసి ఉంటే ఆ రోజులు లెక్కలోకి రావు. పెద్దవాళ్లను ఆస్పత్రిలో చేర్చిన రోజే ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అని అడగాలి. డిశ్చార్జి రోజున అడిగితే అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలో లాగా చిన్న ఆస్పత్రి కాదు, లేవలేనివాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు. దానికి ఏడాదికి లక్ష డాలర్లు దాటడం మామూలే. మంచి జీతాలున్న ఇళ్లు కూడా రెండు మూడేళ్లకు మించి తట్టుకోలేవు. అప్పుడు దిక్కయ్యేది మెడికెయిడ్, అంటే ఆదాయం, ఆస్తి తక్కువగా ఉన్నవాళ్ల వైద్యం, సంరక్షణ ఖర్చు భరించే ప్రభుత్వ పథకం. 1965లో మెడికేర్‌తో పాటే పుట్టిన ఈ పథకానికి ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రం కలిసి డబ్బు పెడతాయి. అందుకే పేర్లూ నిబంధనలూ రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. కాలిఫోర్నియాలో దీన్ని మెడి-కాల్ అంటారు, న్యూజెర్సీలో ఎన్‌జే ఫ్యామిలీకేర్ అంటారు.

అర్హత మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఇమిగ్రేషన్ హోదా, ఆదాయం-ఆస్తి, శారీరక అవసరం. ఈ మూడింట్లో మొదటి రెండూ అవసరం పడిన రోజున తేలేవి కావు, అంతకు ఐదేళ్ల ముందు తీసుకున్న నిర్ణయాలతో తేలేవి. మన కుటుంబాలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

గ్రీన్ కార్డు నుంచి పౌరసత్వం దాకా

విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు దీర్ఘకాలిక సంరక్షణలో మెడికెయిడ్ సాయం ఉండదు. ప్రాణాపాయ స్థితిలో ఎమర్జెన్సీ చికిత్సకు మాత్రమే, అదీ ఆదాయ పరిమితులకు లోబడి, కొంత ఆస్కారం ఉంటుంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు 1996 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం ఐదేళ్ల నిరీక్షణ పెట్టింది. ఈ గడువు గ్రీన్ కార్డు హోదా మంజూరైన నాటి నుంచే మొదలవుతుంది. అంతకుముందు పదిసార్లు విజిటర్‌గా వచ్చి వెళ్లినా ఆ కాలం కలవదు. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో ఈ ఐదేళ్లలోనూ ఆదుకుంటాయి. ఎక్కువ రాష్ట్రాల్లో ఆ వెసులుబాటు లేదు.

ఐదేళ్లు దాటితే చాలనుకుంటే పొరపాటే. తల్లిదండ్రుల్ని స్పాన్సర్ చేసేటప్పుడు కొడుకో కూతురో ఐ-864 అనే పత్రం మీద సంతకం పెడతారు. ఫైలులో ఉన్న పాతిక ఫారాల్లో ఇదొకటిలే అన్నట్టు చాలామంది చదవకుండానే పెడతారు. నిజానికి అది ప్రభుత్వంతో చేసుకున్న కట్టుబాటు. తల్లిదండ్రుల ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గకుండా నేను చూసుకుంటాను అన్నది దాని సారం. ఫెడరల్ చట్టం ప్రకారం, వాళ్లు మెడికెయిడ్‌కు దరఖాస్తు చేసినప్పుడు స్పాన్సర్ ఆదాయాన్నీ ఆస్తినీ వాళ్లవిగానే లెక్కిస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకు జీతం కలిపితే ఏ తల్లీ పరిమితి లోపల ఉండదు.

ఈ బాధ్యత ఐదేళ్లకు ముగిసిపోదు. తల్లిదండ్రులు అమెరికా పౌరులయ్యే వరకో, 40 త్రైమాసికాల (పదేళ్ల) పని వాళ్ల సోషల్ సెక్యూరిటీ ఖాతాలో జమయ్యే వరకో నడుస్తుంది. అరవై ఐదేళ్లు దాటి వచ్చినవాళ్లు పదేళ్లు ఉద్యోగం చేయడం జరిగే పని కాదు. పెద్దయిన పిల్లలు చేసిన పని వాళ్ల ఖాతాలోకి రాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో అయితే, ఐదేళ్లు దాటిన గ్రీన్ కార్డు వాళ్లకు కూడా ఈ 40 త్రైమాసికాల షరతు విడిగా ఉంది. కాబట్టి ఆచరణలో చాలా కుటుంబాలకు మిగిలే దారి ఒక్కటే, పౌరసత్వం. ఆ రోజుతో ఐదేళ్ల నిరీక్షణ, స్పాన్సర్ ఆదాయం, త్రైమాసికాల లెక్క మూడూ పోతాయి.

భారత పాస్‌పోర్టు వదులుకోవడం పెద్దవాళ్లకు మనసొప్పని పని. డెబ్బై ఏళ్లు ఆ దేశపు పౌరుడిగా బతికిన మనిషిని తొందరపెట్టకూడదు కూడా. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారతీయులకు ఇండియా ఇచ్చేది) తీసుకుంటే రాకపోకలకు, ఉన్న ఆస్తులు ఉంచుకోవడానికి ఇబ్బంది లేదని నిదానంగా చెప్పి, నిర్ణయం వాళ్లకే వదిలేయాలి. కానీ ఆ మాట మొదలుపెట్టాల్సింది ఆరోగ్యంగా ఉన్నప్పుడే. పౌరసత్వ పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లుగా గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు, 55 దాటి 15 ఏళ్లుగా ఉన్నవాళ్లు మాత్రమే దుబాసీ సాయంతో తెలుగులో జవాబులు చెప్పవచ్చు. లేటు వయసులో వచ్చిన అమ్మానాన్నలకు ఈ మినహాయింపు అందదు. డిమెన్షియా, స్ట్రోక్ లాంటి జబ్బు వల్ల నేర్చుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు డాక్టరు ఎన్-648 అనే ఫారం రాసిస్తే పరీక్ష నుంచి మినహాయింపు దొరకవచ్చు. అది జబ్బు పేరు రాస్తే సరిపోయే ఫారం కాదు. ఆ జబ్బు నేర్చుకునే శక్తిని ఎలా దెబ్బతీసిందో వివరంగా ఉండాలి.

'ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ' అనే మన అలవాటు ఇంకో ఇబ్బంది. చలికాలం రాగానే ఇండియా వెళ్లి, ఎండలు ముదిరాక తిరిగి రావడం పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. కానీ ఒక ప్రయాణం ఆరు నెలలు దాటితే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగినట్టు అధికారులు భావించవచ్చు. ఏడాది దాటితే తెగినట్టే. పనిచేసిన రికార్డు లేకుండా ప్రీమియం కట్టి మెడికేర్ కొనుక్కోవడానికి కూడా దరఖాస్తుకు ముందు ఐదేళ్లు నిరంతరంగా ఇక్కడే నివసించి ఉండాలి. టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి.

ఇక్కడి ఖాతా, అక్కడి పొలం

ఎక్కువ రాష్ట్రాల్లో నర్సింగ్ హోమ్ మెడికెయిడ్‌కు ఒంటరి మనిషి నెల ఆదాయం 2025లో 2,901 డాలర్లు దాటకూడదు, లెక్కకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఆదాయ పరిమితి ఏటా కాస్త పెరుగుతుంది. ఆస్తి పరిమితి మాత్రం దశాబ్దాలుగా అక్కడే ఆగిపోయింది, నా దృష్టిలో ఈ వ్యవస్థలోని అతి పెద్ద అన్యాయం అదే. అన్ని రాష్ట్రాలూ ఇంత కఠినంగా లేవు. న్యూయార్క్ 30 వేల డాలర్లకు పైగా ఉంచుకోనిస్తుంది. కాలిఫోర్నియా 2024లో ఆస్తి పరిమితినే ఎత్తేసింది, మళ్లీ 2026 జనవరి నుంచి 1,30,000 డాలర్ల పరిమితి పెట్టింది.

ఆదాయం అంటే ఇక్కడ వచ్చేది ఒక్కటే కాదు. రిటైరైన టీచరుకు ఇండియాలో వచ్చే పెన్షన్, హైదరాబాద్ ఫ్లాటు మీద వచ్చే అద్దె, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ, అన్నీ డాలర్లలోకి మార్చి కలపాల్సిందే. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, న్యూజెర్సీ లాంటి చోట్ల పరిమితికి ఒక్క డాలరు మించినా అనర్హతే. కానీ అక్కడే చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. మిల్లర్ ట్రస్ట్ అని పిలిచే ఒక ప్రత్యేక ఖాతాలోకి ప్రతి నెలా ఆ ఆదాయం మళ్లిస్తే అర్హత నిలుస్తుంది. అర్హత వచ్చాక కూడా ఆ ఆదాయంలో చేతి ఖర్చుకు కొద్ది మొత్తం ఉంచి, మిగతాది నర్సింగ్ హోమ్‌కే కట్టాలి. ఫెడరల్ చట్టం చెప్పే కనీస చేతి ఖర్చు నెలకు 30 డాలర్లు.

ఆస్తి విషయంలో, నివసించే సొంత ఇంటిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. ఒంటరిగా ఉండే మనిషి అయితే ఆ ఇంట్లో వాటా విలువ (ఇంటి మీద అప్పు పోను మిగిలేది) 2025లో రాష్ట్రాన్ని బట్టి 7,30,000 నుంచి 10,97,000 డాలర్ల లోపు ఉండాలి. ఒక కారు, ఇంటి సామాను, పెళ్లి ఉంగరం, ఒంటి మీద పెట్టుకునే వస్తువుల జోలికి సాధారణంగా రారు. పెట్టుబడిగా లాకర్లో దాచిన బంగారు నాణేలు, బిస్కెట్లు మాత్రం ఆస్తే.

తెలుగు ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లు కొడుకు ఇంట్లోనో కూతురు ఇంట్లోనో ఉంటారు కాబట్టి వాళ్లకు ఇక్కడ సొంత ఇల్లు ఉండదు. ఉన్న ఇల్లు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటుంది. అది వాళ్లు ఇప్పుడు నివసించే ఇల్లు కాదు గనక ఆ మినహాయింపు దొరకడం కష్టం. అమ్మి సొమ్ము చేసుకోగలిగిన ఆస్తి ఏ దేశంలో ఉన్నా లెక్కలోకి వస్తుంది. పొలం కూడా అంతే. అన్నదమ్ముల మధ్య పంపకం కాని ఉమ్మడి ఆస్తి, కోర్టు కేసులో ఉన్న భూమి అయితే వెంటనే అమ్మలేమని వాదించవచ్చు, కానీ కాగితాలతో నిరూపించాలి. అమెరికా పౌరులైనవాళ్లు వ్యవసాయ భూమిని ఇండియాలో నివసించే భారత పౌరులకే అమ్మాలన్న నిబంధన కూడా ఉంది. కొనేవాళ్లు తక్కువగా ఉంటే ఆ సంగతీ దరఖాస్తులో చెప్పాలి.

'ఇండియా ఆస్తి వీళ్లకెలా తెలుస్తుంది' అనే మాట మన సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ సలహా వినకండి. దరఖాస్తు మీద సంతకం పెట్టేది ఆ వయసులో ఉన్న అమ్మో నాన్నో, లేదా వాళ్ల తరఫున మీరు. తెలిసి దాస్తే అది మోసం కిందకు వస్తుంది, ఇచ్చిన సాయం తిరిగి కట్టించుకుంటారు, కేసు కూడా పెట్టవచ్చు.

దంపతుల్లో ఒకరు నర్సింగ్ హోమ్‌లో చేరి రెండోవారు ఇంట్లో ఉంటే, ఇంట్లో ఉన్నవాళ్లు రోడ్డున పడకుండా 1988లో ఒక రక్షణ తెచ్చారు. 2025 లెక్క ప్రకారం రాష్ట్రాన్ని బట్టి 31,584 నుంచి 1,57,920 డాలర్ల దాకా ఆస్తి ఆమె లేదా ఆయన ఉంచుకోవచ్చు.

ఐదేళ్ల వెనక్కి చూసే కళ్లు

ఆస్తి ఎక్కువుంటే పిల్లల పేరు మీద రాసేస్తే సరి అని అందరికీ ముందుగా తోచే ఆలోచన. చట్టం దాన్ని ఊహించే రాసింది. దరఖాస్తు తేదీకి ముందు 60 నెలల్లో ఎవరికి ఏమిచ్చారో అన్నీ చూస్తారు. 2006 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం ఈ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిజిస్ట్రేషన్ పత్రాలు, వైర్ ట్రాన్స్‌ఫర్లు, అన్నీ అడుగుతారు.

మన దగ్గర మామూలుగా జరిగే సంగతి చూడండి. నాన్న హైదరాబాద్ ఫ్లాటు అమ్మి, ఆ డబ్బుతో కొడుకు డాలస్‌లో కొనే ఇంటికి డౌన్ పేమెంట్ ఇస్తాడు. అందులో తప్పేముంది, కొడుకు ఇల్లంటే తన ఇల్లే. కానీ మెడికెయిడ్ దాన్ని బహుమతిగా చూస్తుంది. మొత్తం 1,20,000 డాలర్లు అనుకుందాం. ఆ రాష్ట్రంలో నర్సింగ్ హోమ్‌కు నెలకయ్యే సగటు ఖర్చు 8,000 డాలర్లు అనుకుందాం. భాగిస్తే 15 నెలలు. ఆ 15 నెలలు మెడికెయిడ్ నర్సింగ్ హోమ్ ఖర్చు కట్టదు.

అసలు బాధ ఇంకొకటి ఉంది. ఆ 15 నెలలు డబ్బు ఇచ్చిన రోజు నుంచి మొదలు కావు. మనిషి నర్సింగ్ హోమ్ స్థాయి సంరక్షణలోకి వచ్చి, చేతిలో డబ్బంతా అయిపోయి, మిగతా అన్ని విధాలా అర్హత తెచ్చుకుని, దరఖాస్తు పెట్టుకున్నాకే మొదలవుతాయి. అంటే చేతిలో పైసా లేని సమయంలో శిక్ష పడుతుంది. అప్పుడా ఖర్చు కొడుకే పెట్టాలి.

ఏటా 19,000 డాలర్ల దాకా బహుమతి ఇస్తే ఫరవాలేదు కదా అని కొందరు అడుగుతారు. అది 2025లో ఆదాయపు పన్ను శాఖ గిఫ్ట్ ట్యాక్స్‌కు పెట్టిన పరిమితి. మెడికెయిడ్‌కు దానితో సంబంధం లేదు. మనవరాలి పెళ్లికి ఇచ్చిన పదివేలు కూడా అడిగితే చెప్పుకోవాల్సిందే. అలాగే పొలాన్ని చుట్టాలకు రిజిస్ట్రేషన్ విలువకే అమ్మినట్టు కాగితాలుంటే, మార్కెట్ విలువకూ దానికీ ఉన్న తేడాను బహుమతిగా లెక్కగడతారు. మిగతాది నగదుగా ముట్టిందని మనకు తెలిసినా కాగితం ఆ మాట చెప్పదు.

మినహాయింపులు లేకపోలేదు. భార్యకు లేదా భర్తకు ఇచ్చినది, అంధులైన లేదా వైకల్యం ఉన్న బిడ్డకు ఇచ్చినది లెక్కలోకి రాదు. నర్సింగ్ హోమ్‌లో చేరడానికి ముందు రెండేళ్లు తల్లిదండ్రుల సొంత ఇంట్లోనే ఉంటూ, చేరాల్సిన అవసరాన్ని తన సేవతో వాయిదా వేసిన కొడుక్కో కూతురికో ఆ ఇల్లు రాసివ్వవచ్చు. మెడికెయిడ్ కోసం కాకుండా పూర్తిగా వేరే కారణంతో ఇచ్చామని నిరూపిస్తే కూడా శిక్ష ఉండదు. నాన్న ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అన్నదమ్ములకు భాగ పంపకాలు చేశారంటే ఆ వాదనకు బలం ఉంటుంది, అయితే నిరూపించే భారం మనదే. ఇచ్చింది తిరిగి ఇచ్చేస్తే శిక్ష తగ్గుతుంది లేదా పోతుంది.

కొడుకు ఇంట్లో ఉండే తల్లి తన ఖర్చుకని నెలనెలా కొంత ఇస్తుంటే, లేదా సేవ చేసే కోడలికి డబ్బిస్తుంటే, దానికి ముందుగానే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఎంత పని, గంటకు ఎంత, ఎప్పటి నుంచి అని స్పష్టంగా రాసుకోవాలి. ఇంట్లో మనుషుల మధ్య ఒప్పందాలేమిటని చిన్నతనంగా అనిపించవచ్చు. ఆ కాగితం లేకపోతే మూడేళ్ల సేవకు ఇచ్చిన డబ్బంతా బహుమతి అయిపోతుంది.

తల్లిదండ్రులు పోయాక, 55 ఏళ్లు దాటిన తర్వాత మెడికెయిడ్ పెట్టిన సంరక్షణ ఖర్చును వాళ్లు వదిలివెళ్లిన ఆస్తి నుంచి రాష్ట్రం రాబట్టుకుంటుంది. 1993 నుంచి ఇది అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరి. భార్య లేదా భర్త బతికి ఉన్నంత కాలం ఆగుతుంది. పిల్లల సొంత ఇంటిని దీని కింద ముట్టుకోరు. పిల్లల మీదకు బిల్లు వచ్చే సందర్భం వేరే ఉంది: కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రుల్ని పోషించే బాధ్యత పిల్లలదేనన్న పాత చట్టాలున్నాయి. 2012లో పెన్సిల్వేనియా కోర్టు ఒక కొడుకు తన తల్లి నర్సింగ్ హోమ్ బిల్లు కింద సుమారు 93 వేల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది.

'నేను చేసుకోగలనమ్మా'

మూడో షరతు ఆరోగ్యానిది. నర్సింగ్ హోమ్ స్థాయి సంరక్షణ అవసరమని రాష్ట్రం తరఫున వచ్చిన నర్సో సోషల్ వర్కరో తేల్చాలి. స్నానం, బట్టలు, తిండి, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు లాంటి పనుల్లో ఎంత సాయం కావాలో చూస్తారు. జ్ఞాపకశక్తి, సొంతంగా వదిలేస్తే ప్రమాదమా అన్నదీ అడుగుతారు.

మన పెద్దవాళ్లు ఓడిపోయేది ఈ ప్రశ్నల దగ్గరే. కొత్త మనిషి ఇంటికొస్తే మంచి చీర కట్టుకుని, ఓపిక తెచ్చుకుని సోఫాలో కూర్చుంటారు. మీరే స్నానం చేస్తారా అంటే 'చేసుకుంటానమ్మా' అంటారు. బాత్రూమ్‌లో స్టూలు వేసి, నీళ్లు పట్టి, వీపు రుద్ది, పడిపోకుండా పట్టుకునేది కోడలని చెప్పరు. పరాయివాళ్ల ముందు, అందులోనూ కొడుకు వింటుండగా, పక్క తడుపుతున్నానని ఏ తండ్రి చెబుతాడు? అది అబద్ధం కాదు, పరువు. కానీ ఆ జవాబుతో 'సాయం అవసరం లేదు' అని పత్రంలో పడిపోతుంది.

అందుకే రెండు పనులు చేయాలి. ఇంటర్వ్యూకు ముందు రెండు మూడు వారాలు రోజూ ఏ పనికి ఎవరు సాయం చేశారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో, ఎప్పుడు పడిపోయారో తేదీలతో రాసి పెట్టండి. డాక్టరు నోట్సులో కూడా అవి ఎక్కేలా చూడండి. ఇక రెండోది, తెలుగు దుబాసీని అడగండి. ఉచితంగా ఇవ్వడం వాళ్ల బాధ్యత. కొడుకు అనువాదం చేస్తే అమ్మ దాచిన మాట దాగే ఉంటుంది. కోడలు చేసే పనంతా కోడలినే విడిగా అడిగి రాసుకోమని కూడా చెప్పవచ్చు.

ఇంట్లోనే ఉంటే

చాలామందికి నర్సింగ్ హోమ్ ఊహే భరించలేనిది. తెలుగు వినపడదు, పప్పన్నం దొరకదు, పూజ గది ఉండదు. ఇంటి దగ్గరే సంరక్షణ ఇచ్చే మెడికెయిడ్ వేవర్ కార్యక్రమాలు దాదాపు అన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. కొన్ని చోట్ల కొడుకు, కూతురు, కోడలు చేసే సేవకే జీతం ఇస్తారు. కాలిఫోర్నియాలో ఐహెచ్ఎస్ఎస్, న్యూయార్క్‌లో సీడీపాప్, న్యూజెర్సీలో పర్సనల్ ప్రిఫరెన్స్ ప్రోగ్రామ్ అలాంటివే. న్యూజెర్సీలో భారతీయ పెద్దల కోసమే నడిచే అడల్ట్ డే కేర్ కేంద్రాలు ఉన్నాయి, పొద్దున వ్యానులో తీసుకెళ్లి శాకాహార భోజనం పెట్టి సాయంత్రం దింపుతారు. తేడా ఒక్కటే. అర్హత ఉన్న మనిషికి నర్సింగ్ హోమ్ హక్కు. ఇంటి సంరక్షణ వేవర్ హక్కు కాదు, దానికి చాలా రాష్ట్రాల్లో వెయిటింగ్ లిస్టు ఉంటుంది. టెక్సస్‌లో స్టార్ ప్లస్ కింద ఇచ్చే ఇంటి సంరక్షణ వేవర్‌కు ముందు ఇంటరెస్ట్ లిస్టులో పేరు రాయించుకోవాలి. ఇప్పుడే అవసరం లేకపోయినా రాయించండి.

దరఖాస్తుకు ముందు ఎల్డర్ లా (వృద్ధుల ఆస్తి, సంరక్షణ వ్యవహారాల చట్టం) చేసే లాయర్‌తో ఒక్కసారైనా మాట్లాడటం మంచిది, ఇండియా ఆస్తులుంటే తప్పనిసరి. ఫీజు భారమైతే 1-800-677-1116 నంబరులో ఉండే ఎల్డర్‌కేర్ లొకేటర్ మీ కౌంటీలోని ఏజింగ్ ఆఫీసు (వృద్ధుల సేవలు చూసే కార్యాలయం) వివరాలు చెబుతుంది. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం కొన్ని మార్పులు తెచ్చింది. ఇప్పటిదాకా దరఖాస్తుకు ముందు మూడు నెలల బిల్లులు కూడా మెడికెయిడ్ కట్టేది. 2027 జనవరి నుంచి వృద్ధులకు అది రెండు నెలలకు తగ్గుతుంది. 2028 నుంచి ఏ రాష్ట్రంలోనూ ఇంటి వాటా విలువ పరిమితి పది లక్షల డాలర్లు దాటదు, వ్యవసాయ భూమిలో ఉన్న ఇళ్లకు మాత్రం సడలింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల అర్హతను మాత్రం ఆ చట్టం తీసేయలేదు.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫెయిర్ హియరింగ్ (ఆ నిర్ణయం మీద అప్పీలు విచారణ) కోరే హక్కు ప్రతి దరఖాస్తుదారుకూ ఉంది, గడువు ఆ నోటీసులోనే రాసి ఉంటుంది, గరిష్ఠంగా 90 రోజులు. కావలసిన పత్రం అందలేదని తిరస్కరించిన కేసుల్లో ఆ పత్రం తెచ్చి చూపిస్తే నిర్ణయం మారే అవకాశం ఉంటుంది. నర్సింగ్ హోమ్ వాళ్లు బిల్లు పంపారని భయపడి, మీ సొంత పేరు మీద గ్యారంటీ సంతకం మాత్రం పెట్టకండి. తల్లిని చేర్చుకోవడానికి పిల్లల చేత అలాంటి గ్యారంటీ తప్పనిసరిగా రాయించుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది.